కేటాయింపు వేరు, ఖర్చు వేరు

మొన్నామధ్య మా పాపకి అక్షరాభ్యాసం చేయించడానికి బాసర వెళ్లాం. వసంత పంచమి నాడు కాదులెండి, ఆ జనంలో మన వల్ల కాదు. ఓ మామూలు బుధవారం చూసుకుని, లీవు పెట్టి, సికింద్రాబాద్‌లో రైలెక్కాం. మా అమ్మ కూడా వచ్చింది. అమ్మది ఎల్లారెడ్డి దగ్గర ఓ పల్లెటూరు. అయిదో తరగతితో చదువు ఆపేసింది.

గుడిలో పంతులుగారు పలక మీద ఓం రాయించమన్నారు. పాప చెయ్యి పట్టుకోమని అమ్మని ముందుకు పిలిచాను. రాయించింది. బయటికొచ్చాక గోదావరి ఒడ్డున కూర్చున్నప్పుడు మెల్లగా అంది: "మా ఊర్ల అయిదు దాంకనే ఉండె బడి. ఎల్లారెడ్డిల ఆడపిల్లలకు హాస్టల్ ఉంటే నేను గూడ సదువుకుందును బిడ్డా."

నేను మాట్లాడలేదు. ఇది కొత్తగా విన్నదేం కాదు. కానీ తిరుగు ప్రయాణంలో ఇదే బుర్రలో తిరిగింది. ఆ రోజుల్లో ఎల్లారెడ్డి ఎమ్మెల్యే ఎవరు? ఫోన్లో వెతికితే ఓ పేరు దొరికింది. జెట్టి ఈశ్వరీబాయి.

ఈ తరానికి ఆమె "గీతారెడ్డి గారి తల్లి" గానే తెలుసు. నిజానికి అది ఆమె పరిచయంలో ఆఖరి వాక్యంగా ఉండాలి. 1918లో సికింద్రాబాద్ చిలకలగూడలో ఓ దళిత కుటుంబంలో పుట్టారు. టీచరుగా పనిచేశారు. 1951లో మున్సిపల్ కౌన్సిలర్‌గా గెలిచి రాజకీయాల్లోకి వచ్చారు. అంబేద్కర్ ఆలోచనలతో పుట్టిన రిపబ్లికన్ పార్టీలో పనిచేశారు. 1967లో ఎల్లారెడ్డి నుంచి అసెంబ్లీకి వెళ్లారు. 1972లో సంపూర్ణ తెలంగాణ ప్రజా సమితి తరఫున మళ్లీ గెలిచారు. ఆ ఎన్నికల్లో ఆ పార్టీకి వచ్చింది ఆ ఒక్క సీటే. అంటే సభలో ఆమె వెనక బల్ల చరిచేవాళ్లు కూడా లేరన్నమాట.

అలాంటి ఒంటరి సభ్యురాలు సభలో ఏం చెయ్యగలదు? ఓటింగులో ఏమీ చెయ్యలేదు. అడగడం మాత్రం చెయ్యగలదు. 1968లో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం నెపం మీద సజీవంగా తగలబెట్టినప్పుడు సభలో గట్టిగా నిలదీసింది ఆమే. శాసనసభ మహిళా శిశు సంక్షేమ సంఘానికి అధ్యక్షురాలిగా ఉన్నారు. ఆడపిల్లలకు నిర్బంధ ఉచిత విద్య కావాలని కొట్లాడారు. మా అమ్మ మాటకి నేరుగా తగిలేది అదే.

ఇక్కడ కాస్త సాంకేతికంగా వెళ్తా, ఓపిక పట్టండి :) మనకి బడ్జెట్ అంటే ఆర్థిక మంత్రి సూట్‌కేసు, మరుసటి రోజు పేపర్లో పెద్ద అంకెలు. కానీ అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ప్రతి శాఖ ఖర్చూ ఒక పద్దుగా సభ ముందుకి రావాలి. రాజ్యాంగం 203వ అధికరణం ప్రకారం సభ ఆ పద్దుని ఒప్పుకోవచ్చు, తిరస్కరించొచ్చు, తగ్గించొచ్చు. పెంచడానికి మాత్రం వీల్లేదు. తగ్గించమని పెట్టేదే కోత తీర్మానం. శాఖ విధానమే నచ్చకపోతే పద్దుని 1 రూపాయికి తగ్గించమంటారు. ఫలానా ఊళ్లో హాస్టల్ లేదు, ఫలానా ఆస్పత్రిలో డాక్టర్ లేడు అని చెప్పుకోవాలంటే 100 రూపాయలు తగ్గించమంటారు. కోట్ల పద్దులో వంద రూపాయలు ఎవడికి కావాలి? ఆ వంద రూపాయలు సభ్యుడికి మాట్లాడే టికెట్. బగ్ రిపోర్ట్ లాంటిది అనుకోండి. మంత్రి జవాబు చెప్పాలి, అది రికార్డవ్వాలి. టైమైపోతే మిగిలిన పద్దులన్నీ చర్చ లేకుండా ఒకేసారి పాస్ చేసేస్తారు. దాన్ని గిలటిన్ అంటారు. పేరు సరిగ్గానే పెట్టారు.

ఈ లెక్కలు అడగడం ఎంత దూరం వెళ్లగలదో చూడాలంటే 1969 చూడాలి. 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో ఓ షరతు ఉంది. ఉమ్మడి పాలన ఖర్చుని రెండు ప్రాంతాలూ దామాషాలో భరించాలి, ఆపైన తెలంగాణ ఆదాయంలో మిగిలింది తెలంగాణ అభివృద్ధికే ఖర్చు పెట్టాలి. దీన్ని కనిపెట్టుకుని ఉండటానికి 1958లో రాష్ట్రపతి ఉత్తర్వుతో తెలంగాణ ప్రాంతీయ సంఘం వచ్చింది. ఇక్కడి ఎమ్మెల్యేలందరూ అందులో సభ్యులే. కరీంనగర్ నాయకుడు జువ్వాడి చొక్కారావు కూడా ఓ దశలో దానికి అధ్యక్షుడిగా ఉన్నారు.

ఏళ్లు గడిచాయి. కేటాయింపులు కాగితం మీద, మిగులు మరెక్కడో. 1969 జనవరిలో ఉద్యమం లేచాక, అఖిలపక్షం ఒప్పందం ప్రకారం కుమార్ లలిత్ అనే సీనియర్ అధికారి లెక్క తీశారు. 1968 మార్చి దాకా ఖర్చు పెట్టకుండా మిగిలిన తెలంగాణ సొమ్ము 34.10 కోట్లు అని తేలింది. దాని మీద మళ్లీ వివాదం. జస్టిస్ భార్గవ కమిటీ వేశారు. వాళ్ల లెక్కకి 28.34 కోట్లు వచ్చింది. ఆ కాలపు కోట్లు, గుర్తుంచుకోండి.

డేటా దాదాపు ఒకటే, అంకెలు రెండు. ఎందుకు? ఉమ్మడి ఖర్చుని ఎవరి ఖాతాలో ఎంత రాయాలన్న దగ్గర తేడా. మన కంపెనీల్లో ఓవర్‌హెడ్ ఏ ప్రాజెక్టు కోడ్ మీద వెయ్యాలని మేనేజర్లు కొట్టుకోరూ, అదే. కాకపోతే ఇక్కడ ఆ కోడ్ వెనక బళ్లూ, చెరువులూ, హాస్టళ్లూ ఉన్నాయి. ఏ అంకె తీసుకున్నా ఒకటి మాత్రం రుజువైంది: డబ్బుంది, ఖర్చు కాలేదు. మా అమ్మ హాస్టల్ ఆ డబ్బులోనే ఉండిపోయిందని నేననను, అలా తేల్చడం కుదరదు. కానీ ఆ అనుమానం ఓ తరం మొత్తానికి ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. ప్రాంతీయ సంఘం కూడా 1973లో ఆరు సూత్రాల పథకంతో పోయింది.

ఇదంతా పాత కథ అనుకుంటున్నారా? దళితుల కోసం 1979లో స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్ పెట్టారు. నిధులు చూపించడం, వేరే పనులకి మళ్లించడం, మార్చి 31కి మురిగిపోవడం, మళ్లీ ఏప్రిల్లో కొత్త అంకె. అలా ముప్ఫై ఏళ్లు కొట్లాడాక 2013లో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. 2017లో తెలంగాణ చేసిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంలో, ఖర్చు కాని సొమ్ముని వచ్చే ఏడాదికి సర్దాలన్న నిబంధన పెట్టారు. 1956లో మిగులు గురించి రాసుకున్న షరతుకీ దీనికీ చుట్టరికం ఉంది. మిగిలిందంటే ఎవడిదో అయిపోకూడదు అన్నదే రెండింటి సారం. చట్టం వచ్చినంత మాత్రాన అయిపోతుందా అంటే కాదు. ఏటా ఎవరో ఒకరు లేచి "ఎంత ఇచ్చారు, ఎంత ఖర్చు పెట్టారు" అని అడగాలి.

బాసరలోనే చూడండి. గుడికి కాస్త దూరంలో ట్రిపుల్ ఐటీ ఉంది. పల్లెల్లో టెన్త్‌లో మంచి మార్కులొచ్చిన పిల్లల కోసం 2008లో శాసనసభ చట్టం చేసి పెట్టిన యూనివర్సిటీ అది. 2022 జూన్ 14 నుంచి వారం రోజులు వేలమంది విద్యార్థులు ఎండకీ వానకీ గేటు దగ్గర కూర్చున్నారు. 12 డిమాండ్లు. రెగ్యులర్ వైస్ చాన్స్‌లర్, చాలినంతమంది టీచర్లు, సరైన తిండి, ఇలాంటివి. చివరికి విద్యామంత్రి రాత్రిపూట వచ్చి మాట్లాడాక విరమించారు. ఇవన్నీ వంద రూపాయల కోత తీర్మానంతో సభలో అడగాల్సిన విషయాలు. పిల్లలు నేల మీద కూర్చుని అడగాల్సొచ్చింది.

మనం జీతం స్లిప్పులో టీడీఎస్ చూసి తిట్టుకుంటాం. మా టీమ్‌లో అందరికీ ట్యాక్స్ శ్లాబులు కంఠతా వచ్చు. మన ఎమ్మెల్యే పద్దుల చర్చలో ఎప్పుడైనా నోరు విప్పారా అంటే, నాతో సహా ఒక్కరికీ తెలీదు. మనకి ఎమ్మెల్యే అంటే రోడ్డు వేయించేవాడు, సిఫార్సు ఉత్తరం ఇచ్చేవాడు. లెక్క అడిగేవాడని ఎప్పుడూ అనుకోలేదు. మనం అనుకోకపోతే ఆయన మాత్రం ఎందుకు అనుకుంటాడు?

ఈశ్వరీబాయి 1991లో పోయారు. అడిగినవన్నీ రాలేదు, వచ్చినవీ ఆలస్యంగా వచ్చాయి. అమ్మకి ఈ సంగతులన్నీ రైల్లోనే చెప్పాను. "ఆమె పేరు ఇన్న. ఆడామె గెలిశిందని మా నాయిన అందరికీ చెప్తుండె" అంది. కాసేపాగి, నిద్రపోతున్న పాప చేతిలోంచి పలక తీసి సంచీలో పెట్టింది.

వచ్చే బడ్జెట్ సమావేశాల్లో మా ఎమ్మెల్యే ఎన్ని పద్దుల మీద మాట్లాడతారో రాసుకుందామనుకుంటున్నా. మీరూ మీ నియోజకవర్గానిది చూడండి. మార్చి అయ్యాక పోల్చుకుందాం.