వైన్ కొట్లో తుపాకి మందు

1866 అక్టోబరు. క్రీట్ ద్వీపంలో ద్రాక్ష కోతలు అయిపోయాయి. తొక్కి తీసిన రసం ఊరూరా పీపాల్లో పులుస్తోంది. మామూలుగా అయితే అర్కాది మఠంలో సన్యాసులకు ఆ రోజుల్లో వైన్ పనితోనే సరిపోతుంది. ఆ ఏడాది మాత్రం వాళ్లు వేరే పీపాలు మోస్తున్నారు. దక్షిణం వైపు దాచిన తుపాకి మందును ఈశాన్య మూలనున్న వైన్ కొట్టులోకి మారుస్తున్నారు. పాత చోటుకంటే అది ముప్పావు మీటరు పల్లంలో ఉంది. పైన రాతి కమాను కప్పు. పొడవు 21 మీటర్లు, వెడల్పు 5.4 మీటర్లు. ఫిరంగి గుండు పడ్డా మందుకు నిప్పంటుకోదని వాళ్ల నమ్మకం.

మఠంలో తుపాకి మందుకేం పని? అప్పటికి దాదాపు రెండు వందల ఏళ్లుగా క్రీట్ ఒట్టోమన్ తురుష్కుల ఏలుబడిలో ఉంది. తిరుగుబాట్లు ఆ ద్వీపానికి కొత్త కాదు. 1866 మేలో ద్వీపంలోని క్రైస్తవులు పన్నులు, న్యాయస్థానాల విషయంలో తమ గోడు రాసి సుల్తానుకు అర్జీ పంపారు. జరిగిందేమీ లేదు. ఊళ్లలో విప్లవ సంఘాలు వెలిశాయి. రెథిమ్నో పట్టణానికి ఇరవై మూడు కిలోమీటర్ల దూరంలో, కొండల మధ్య చదునైన నేల మీద ఉన్న అర్కాది మఠం ఆ ప్రాంతపు సంఘానికి స్థావరమైంది. మఠాధిపతి గవ్రియీల్ మరినాకిస్ సంఘానికి అధ్యక్షుడు. సంఘాన్ని బయటికి పంపకపోతే మఠాన్ని నేలమట్టం చేస్తామని గవర్నరు ఇస్మాయిల్ పాషా కబురు పెట్టాడు. మఠాధిపతి ఒప్పుకోలేదు.

గ్రీసు నుంచి వచ్చిన సైనికాధికారి పానోస్ కొరోనెయోస్ మఠాన్ని కలియతిరిగి చూశాడు. ఇది కోట కాదు, ఇక్కడ నిలబడి పోరాడలేం అన్నాడు. మాట వినేలా లేరని తేలాక, కనీసం పడమటి వాకిలికి ఎదురుగా ఉన్న గుర్రపుశాలనైనా పడగొట్టండి, శత్రువు దాని చాటునే చేరతాడు అని చెప్పాడు. దాన్నీ ఎవరూ పడగొట్టలేదు. యోన్నిస్ దిమకోపులోస్ అనే కుర్ర అధికారికి కాపలా బాధ్యత అప్పగించి కొరోనెయోస్ వెళ్లిపోయాడు. గుర్రపుశాల మాట గుర్తుంచుకోండి.

సైన్యం కదిలిందన్న వార్త కొండల్లో పాకేసరికి చుట్టుపక్కల ఊళ్ల జనం పిల్లాజెల్లాతో మఠానికి చేరారు. లోపల మొత్తం 964 మంది తేలారు. చేత ఆయుధం పట్టినవాళ్లు 259 మంది. మిగతావాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లు, పిల్లలు.

నవంబర్ 7 రాత్రి దాటి తెల్లవారేసరికి చుట్టూ గుట్టల మీద సైన్యం దిగి ఉంది. పదిహేను వేల మంది, ముప్పై ఫిరంగులు అని గ్రీకుల లెక్క. దండును నడిపిస్తున్నది సులేమాన్ బే. అతని పైఅధికారి ముస్తఫా నైలీ పాషా స్థావరం వెనక ఊళ్లో ఉంది. ఆ దండులో ఒట్టోమన్ సిపాయిలు, ఈజిప్టువాళ్లే కాదు, క్రీట్‌లోనే పుట్టి పెరిగిన ముస్లింలు కూడా ఉన్నారు. అంటే గోడకు ఇటూ అటూ ఒకే యాసలో గ్రీకు మాట్లాడే మనుషులు. ఈ సంగతి స్మారక ప్రసంగాల్లో పెద్దగా వినపడదు.

లొంగిపొమ్మని కేక వేశారు. జవాబుగా లోపలినుంచి తుపాకులు పేలాయి.

ఆరోజు కాల్పుల్లో మఠం గోడలు నిలిచాయి. వాకిలి బయట పాత గాలిమర ఒకటుంది. అందులో ఏడుగురు క్రీటన్లు కాపు కాశారు. ఎంతకీ లొంగకపోతే దానికి నిప్పుపెట్టారు. ఏడుగురూ అందులోనే పోయారు.

చీకటి పడ్డాక గవ్రియీల్, దిమకోపులోస్, పెద్దలు కూర్చుని ఆలోచించారు. ఆమారి ప్రాంతంలో ఉన్న కొరోనెయోస్‌కు కబురు అందితే సాయం రావచ్చు. ఇద్దరిని తాళ్లు కట్టి కిటికీలోంచి కిందికి దించారు. తురుష్కుల వేషం వేసుకుని వాళ్లు సైన్యం మధ్యలోంచి నడిచి వెళ్లారు. వాళ్లలో ఒకడు ఆదాం పాపదాకిస్. కొరోనెయోస్ దగ్గరికి చేరితే తెలిసిందేమిటంటే, దారులన్నీ శత్రువు చేతిలో పడ్డాయి, సాయం రాదు.

అక్కడే ఆగిపోతే పాపదాకిస్‌ను తప్పుపట్టేవాళ్లు ఉండరు. మోసుకెళ్లాల్సిన వార్త కూడా మంచిది కాదు. అయినా అదే దారిన, అదే సైన్యం మధ్యలోంచి తిరిగి వచ్చి, సాయం రావడం లేదన్న మాట గోడ లోపలివాళ్లకు చెప్పాడు. అర్కాది కథలో చివర్లో మందు పీపాలకు నిప్పంటించినవాడి గురించే అందరూ మాట్లాడతారు. నాకైతే ఈ తిరిగొచ్చిన మనిషే ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తాడు. విచిత్రంగా, చివరికి ప్రాణాలతో మిగిలిన కొద్దిమందిలో అతనూ ఒకడు.

అదే రాత్రి అవతలివాళ్లు రెథిమ్నో నుంచి రెండు భారీ ఫిరంగులు కొండెక్కించారు. వాటిలో ఒకదాని పేరు కుత్సహీలా. వాటిని ఎక్కడ నిలబెట్టారో చెప్పనక్కర్లేదు. గుర్రపుశాలలో.

9న పొద్దంతా ఆ రెండూ పడమటి వాకిలి మీద గుండ్లు కురిపించాయి. సాయంత్రానికి తలుపు చితికిపోయింది. లోపల తూటాలు అయిపోవచ్చాయి. సైనికులు విరిగిన వాకిట్లోంచి చొరబడ్డారు. పెద్ద ఆవరణలో తుపాకి మడమలతో, కత్తులతో పోరాటం. భోజనశాలలో దాక్కున్న 36 మంది దగ్గర తూటా ఒక్కటి లేదు. వాళ్లను అక్కడే నరికేశారు. బల్లల మీద కత్తి గాట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆవరణలో ఎండిపోయిన ఒక సైప్రస్ చెట్టు ఉంది. దాని మానులో ఆనాటి గుండు దిగబడి ఉంది. చూడవచ్చినవాళ్లు దాన్ని వెతికి వెతికి ఒకరికొకరు వేలుపెట్టి చూపించుకుంటారు.

ఆడవాళ్లు, పిల్లలు అప్పటికే వైన్ కొట్లో ఉన్నారు. 21 మీటర్ల పొడవు, 5.4 మీటర్ల వెడల్పు గదిలో వందల మంది. నిలబడటానికి కూడా చోటు చాలని గది. నడుమ మందు పీపాలు. ఒకే తలుపు. దాన్ని బయటినుంచి గొడ్డళ్లతో బాదుతున్నారు. సైనికులు తలుపు దగ్గర గుమిగూడేదాకా ఆగి, లోపలున్న మనిషి పీపాలోకి పిస్తోలు పేల్చాడు. కప్పు ఎగిరిపోయింది. లోపలివాళ్లూ పోయారు, తలుపు దగ్గరున్నవాళ్లూ పోయారు.

మఠాధిపతి అనుమతి అడిగే పేల్చారని ఒక కథనం. మఠాధిపతి అంతకు ముందే గోడ మీద పోరాడుతూ పోయాడని ఇంకో కథనం. పేల్చింది ఆదెలె గ్రామానికి చెందిన కోన్‌స్తాంతినోస్ యంబుదాకిస్ అని ఎక్కువమంది అంటారు. కాదు, ఆనోయా వాడైన ఎమ్మనుయీల్ స్కులాస్ అని ఇంకొందరు పట్టుబడతారు.

ఈ తగువులో పడి మనం గదిని మర్చిపోతాం. గదిలో ఒకడి చేతిలో పిస్తోలు ఉంది. మిగతా వందల మంది చేతుల్లో చంకపిల్లలున్నారు. వాళ్లంతా ఒప్పుకున్నారనే చెబుతుంది పాటల్లో, ప్రసంగాల్లో నడిచే కథ. పట్టుబడితే బానిసత్వమో చావో తప్పదని వాళ్లకు తెలుసన్న మాటా నిజమే. కానీ నాలుగేళ్ల పిల్ల ఏం ఒప్పుకుంటుంది? ఆడవాళ్లలో పేరు నిలిచిన హరిక్లియా దస్కలాకి లాంటివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. కొడుకులతో పాటు మఠంలో నిలిచి, జెండా కొయ్య విరిగిపడితే ఆమె మళ్లీ పైకెత్తిందని చెబుతారు. త్యాగం అన్న మాట అర్కాదికి సరిపోదని నేననను. ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ అది ఒకే కొలతతో సరిపోతుందని మాత్రం అనలేను.

ప్రాణాలతో పట్టుబడినవాళ్లు 114 మంది. తప్పించుకున్నవాళ్లు ముగ్గురో నలుగురో. అవతలి పక్క పదిహేను వందల మంది పోయారని గ్రీకు కథనాలు.

యుద్ధం పరంగా ఇది ఓటమి. కానీ వార్త పత్రికలకెక్కింది. 1867లో విక్టర్ హ్యూగో క్రీట్ పక్షాన బహిరంగ లేఖ రాశాడు. గరిబాల్డీ గొంతు కలిపాడు. ఫ్రెంచి యువకుడు గుస్తావ్ ఫ్లూరాన్స్ ఏకంగా ద్వీపానికే వచ్చి తిరుగుబాటుదారులతో కలిసి పోరాడాడు. అమెరికా నుంచి డాక్టర్ శామ్యూల్ గ్రిడ్లీ హోవ్ శరణార్థులకు బట్టలు, తిండి తెచ్చాడు. అదంతా అయినా 1869లో తిరుగుబాటు అణిగిపోయింది. క్రీట్‌కు స్వయంపాలన దక్కింది 1898లో. గ్రీసులో కలిసింది 1913లో. ఆ పదేళ్లకు జనాభా మార్పిడి ఒప్పందం కింద క్రీట్ ముస్లింలు పుట్టిన ద్వీపం వదిలి టర్కీకి ఓడలెక్కారు.

ఇప్పుడు క్రీట్ అంటే ఎండ, ఇసుక తీరం, చవక విమానం టికెట్టు. అక్టోబరు చివరికి చార్టర్ విమానాలు ఆగిపోతాయి. తీరం వెంబడి హోటళ్లు తలుపులు బిగిస్తాయి. యాత్రికుల గైడ్లు సీజన్ ముగిసిందని రాసేది అప్పుడే. ద్వీపంవాళ్లను అడిగితే మాత్రం అసలు సందడి అప్పుడే మొదలంటారు. వాళ్లే నిజం చెబుతున్నారని నా అభిప్రాయం. అక్టోబరు చివర్లో పడమటి కొండల్లోని ఎలోస్ గ్రామంలో చెస్ట్‌నట్ కాయల పండగ. 28న బడిపిల్లల కవాతులు. 1940లో ముస్సోలినీ హెచ్చరికకు గ్రీసు 'కుదరదు' అన్న రోజు అది. నవంబర్ 3న సెయింట్ జార్జి పండగ. ఆ రోజు ఆయనను తాగుబోతు జార్జి అని ముద్దుగా పిలుస్తారు. కొత్త వైన్ పీపాలు తెరిచేది ఆ రోజే కాబట్టి.

ఇంక కజాని. కజాని అంటే రాగి బాన. వైన్ తీశాక మిగిలిన ద్రాక్ష తొక్కలు, గింజలు నెలకు పైగా పులిసి ఉంటాయి. వాటిని బానలో వేసి కింద కట్టెల మంట పెడతారు. ఆవిరి నీళ్ల తొట్టిలోంచి పోయే గొట్టంలో చల్లబడి చుక్కచుక్కగా రాకీ అయి దిగుతుంది. మన పల్లెల్లో నాటుసారా బట్టీ చూసినవాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. తేడా ఏమిటంటే ఇక్కడ దీనికి లైసెన్సు ఉంటుంది, దాక్కోనక్కర్లేదు, ఊరంతా వస్తుంది. మొదట దిగే ధార మరీ ఘాటు. పొయ్యి బూడిదలో బంగాళాదుంపలు కాలుతుంటాయి. నిప్పుల మీద పంది మాంసం చిటపటలాడుతుంటుంది. దానిమ్మ గింజలు, ఆలివ్ కాయలు పళ్లెంలో ఉంటాయి. లైరా వాయించేవాడు దొరికితే ఆ రాత్రి తెల్లవారదు.

ఈ సంబరాల నడుమ నవంబర్ 8 వస్తుంది. రెథిమ్నో ప్రాంతానికి ఆ రోజు సెలవు. జనం మఠానికి బయలుదేరతారు. ఏథెన్స్ నుంచి ప్రభుత్వ పెద్దలు వస్తారు. చర్చిలో ప్రార్థన, చనిపోయినవాళ్ల కోసం శాంతి మంత్రాలు, పూలదండలు. ముఖద్వారం మీద ఇప్పటికీ 1587 నాటి వెనీషియన్ల చెక్కడం పనితనం కనబడే చర్చి అది. పాత 100 ద్రాక్మా నోటు వెనక మఠం బొమ్మ అచ్చేశారు గనక యూరో రాక ముందు ఎందరో గ్రీకులు దీన్ని జేబులో పెట్టుకుని తిరిగినవాళ్లే. పొడుగు బూట్లు తొడిగిన క్రీటన్ మగవాళ్లు నుదుటికి నల్ల సరీకి చుట్టుకుని వస్తారు. వల లాంటి ఆ గుడ్డ అంచున కందిగింజంత ముళ్లు వరసగా వేలాడతాయి. అవి అర్కాది కోసం కార్చిన కన్నీళ్లని అంటారు. వాకిలి బయట, ఒకప్పటి గాలిమర కట్టడంలో అస్థికలు ఉంచారు. గాజు బీరువాలో పుర్రెలు. కొన్నిటి మీద కత్తివాటు పడిన గీత స్పష్టంగా కనిపిస్తుంది.

వైన్ కొట్టుకు మళ్లీ కప్పు వెయ్యలేదు. నాలుగు గోడలు, పైన ఆకాశం. ఆ గోడల మధ్య ఉపన్యాసాలు ఎంతసేపు సాగుతాయో చెప్పలేం. మంత్రులన్నాక మంత్రులే.

మధ్యాహ్నానికి కార్లు కొండ దిగి ఊళ్లదారి పడతాయి. సాయంత్రం మళ్లీ కజానిల దగ్గరికే చేరతారు. రెండు గ్లాసులు కడుపులో పడ్డాక పాత తగువు లేస్తుంది, పిస్తోలు పేల్చిందెవరు అని. యాత్రికులకు ఒక సలహా. ఆ ప్రశ్న ఆదెలెలో అడగవద్దు, జవాబు వాళ్ల దగ్గర ఎప్పుడో సిద్ధంగా ఉంది. ఆనోయాలో అయితే అసలే అడగవద్దు.