ఆటల కంప్యూటరు: విడిభాగముల కథ

శోభనాచలము చెంతనున్న ఆగిరిపల్లి నుండి ఒక విద్యార్థి, ఆటల కొరకు ఒక కంప్యూటరును తానే కూర్చుకొనదలచి, విడిభాగములు కొనుటకు బెజవాడ పోయెననుకొందము. సాయంకాలము బస్సు దిగునప్పటికి అతని సంచిలో ఆరేడు పెట్టెలుండును. ప్రాసెసరు ఒక అమెరికా కంపెనీ రూపొందించినది. మదర్ బోర్డు తైవాను కంపెనీది. ర్యామ్ పలకలోని చిప్పులు కొరియావి కావచ్చును. గ్రాఫిక్స్ కార్డు, ఎస్.ఎస్.డి., ఎస్.ఎం.పి.ఎస్., క్యాబినెట్టు ఒక్కొక్కటి ఒక్కొక్కరివి. ఈ తయారీదారులలో కొందరు పరస్పరము పోటీదారులు. అయినను ఒక స్క్రూడ్రైవరు చేతబట్టుకొని బిగించినచో రాత్రి భోజనముల వేళకు యంత్రము వెలుగును. పొలములోని మోటారు సంగతి ఇట్లు కాదు. ఒక కంపెనీ పంపులోని ఇంపెల్లరు మరియొక కంపెనీ పంపునకు సాధారణముగా పట్టదు.

కంప్యూటరు భాగములు మాత్రము ఎట్లు పట్టుచున్నవి? ఈ పొందిక తనంతట తాను వచ్చినది కాదు. సుమారు ఐదు దశాబ్దముల వ్యాపార వివాదముల నుండి, ఒడంబడికల నుండి పుట్టినది. ఈ చరిత్ర తెలిసినవానికి ఏ భాగమును ముందు ఎంచవలెనో, దేనిపై ధనము వెచ్చింపవలెనో చాలవరకు బోధపడును. తోట కౌలు డబ్బులో నుండి ఇంటివారు తీసియిచ్చిన సొమ్ముతో కొనువాడు, పొరపాటున పనికిరాని భాగము కొన్నచో, మరల కొనుటకు మరుసటి కాపు వరకు ఆగవలసి యుండును. కనుక ఇది ఆటల సంగతియే యైనను తేలికగా తీసికొనదగినది కాదు.

తొలి కంప్యూటర్లలో ఎంపిక అను ప్రశ్నయే లేదు. యంత్రమంతయు ఒకే సంస్థ తయారుచేసెడిది. దీనికి మన తెలుగునాటనే ఉదాహరణ గలదు. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. నెలకొన్నది. దానిని తీర్చిదిద్దిన అయ్యగారి సాంబశివరావు గారు పశ్చిమ గోదావరిలోని మోగల్లులో జన్మించినవారు. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రమున రూపొందిన టి.డి.సి.-12 అను 12 బిట్ల కంప్యూటరును ఈ సంస్థ 1969లో వెలువరించినది. అటువంటి యంత్రమునకు జ్ఞాపకశక్తి చాలనిచో వీధి చివర దుకాణమునకు పోయి కొనితెచ్చుకొనుట నాడు ఊహకందని విషయము. అమెరికాలోను ఇంతే. 1962లో ఎం.ఐ.టి. విద్యార్థులు 'స్పేస్ వార్' అను ఆటను వ్రాసిన పి.డి.పి.-1 యంత్రము వెల సుమారు 1,20,000 డాలర్లు. విశేషమేమనగా, యంత్రము సరిగా పనిచేయుచున్నదా లేదా అని పరీక్షించుటకు దాని తయారీదారులే ఈ ఆటను వాడసాగిరి. కంప్యూటరులోని ప్రతి అవయవమునకు ఏకకాలమున పని పెట్టుటలో ఆటను మించినది లేదు. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను, మరల అవసరమగును.

1975 జనవరిలో 'పాపులర్ ఎలక్ట్రానిక్స్' అను అమెరికా పత్రిక ఆల్టెయిర్ 8800 అను కంప్యూటరును ముఖచిత్రముగా ప్రకటించినది. 397 డాలర్లు పంపినవారికి విడిభాగములు పోస్టులో వచ్చెడివి. సోల్డరింగు చేసి కూర్చుకొనవలెను. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. ముందు పలకపై మీటలు, చిన్న దీపములు, లోపల 256 బైట్ల జ్ఞాపకము, అంతే. కాని దానిలో 100 పిన్నుల తీగల వరుస యొకటి గలదు. ఆ కొలతలకు సరిపోవు కార్డును ఎవరు తయారుచేసినను అందులో గుచ్చవచ్చును. ఇతరులు వెంటనే జ్ఞాపకపు కార్డులు, తెర కార్డులు తయారుచేసి అమ్మసాగిరి. ఈ తీగల వరుసను 'బస్' అందురు. మనము నూజివీడు పోవు బస్సుకును దీనికిని మూలపదము ఒక్కటే: లాటినులో 'ఆమ్నిబస్' అనగా 'అందరి కొరకు' అని అర్థము. ఇంత చక్కగా కుదిరిన సాంకేతిక పదములు తక్కువ.

అసలు మలుపు 1981 ఆగస్టు 12న ఐ.బి.ఎం. వారి పర్సనల్ కంప్యూటరుతో వచ్చినది. త్వరగా విపణిలోనికి రావలసియుండుటచే ఆ సంస్థ తన అలవాటునకు విరుద్ధముగా భాగములను బయట నుండి కొన్నది. ప్రాసెసరు ఇంటెల్ 8088. ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్టువారిది. లోపల ఎవరి కార్డునైనను గుచ్చుటకు ఐదు స్లాట్లు. వలయముల పటములను, బయాస్ అను మూల ప్రోగ్రామును సైతము పుస్తకముగా అచ్చువేసి అమ్మినది. పటమును చూచి భాగములు కూర్చుట ఎవరికైనను సాధ్యమే. కాని బయాస్ పై కాపీరైటు గలదు. ఆ ఒక్క తాళమును కాంపాక్ కంపెనీ ఒక యుక్తితో తెరచినది. ఒక బృందము బయాస్ పాఠమును చదివి, అది ఏ పని చేయునో మాత్రము వ్రాసి యిచ్చినది. ఆ పాఠమును ఎన్నడును చూడని మరియొక బృందము ఆ వ్రాతను బట్టి క్రొత్త బయాస్ ను స్వయముగా రచించినది. కాంపాక్ యంత్రము 1982 నవంబరులో ప్రకటింపబడి మరుసటి ఏట అమ్మకమునకు వచ్చినది. 1984 నుండి ఫీనిక్స్ అను కంపెనీ ఇట్టి బయాస్ ను తయారుచేసి కోరినవారికెల్ల అమ్మినది.

ఈ అనుకరణ యంత్రములలో ఏది నిజముగా ఐ.బి.ఎం. యంత్రముతో సరితూగునో తేల్చుట ఎట్లు? పత్రికలవారు, కొనువారు వాడిన పరీక్షలలో 1982 నాటి మైక్రోసాఫ్ట్ 'ఫ్లైట్ సిమ్యులేటర్' ముఖ్యమైనది. అది ఆపరేటింగ్ సిస్టమ్ మధ్యవర్తిత్వము లేక సూటిగా హార్డువేరునే తాకెడి ఆట. నిర్మాణములో ఏ చిన్న తేడా యున్నను ఆగిపోయెడిది. తరువాత 1987లో ఐ.బి.ఎం. క్రొత్త బస్ ఒకటి తెచ్చి, దానిని వాడువారు లైసెన్సు రుసుము చెల్లింపవలెనన్నది. తొమ్మిది కంపెనీలు ఏకమై 1988లో తమ సొంత బస్ ను ప్రకటించినవి. అప్పటి నుండి ఆ యంత్రము ఐ.బి.ఎం. సొత్తుగా మిగులలేదు.

మన దేశమునకు ఈ స్వేచ్ఛ ఆలస్యముగా వచ్చినది. 1984 నవంబరు నాటి కొత్త కంప్యూటరు విధానము విడిభాగముల దిగుమతిని సులభము చేసినది. 1997లో భారతదేశము ప్రపంచ వాణిజ్య సంస్థవారి సమాచార సాంకేతిక ఒప్పందములో చేరుటచే భాగములపై కస్టమ్స్ సుంకములు అంచెలంచెలుగా తగ్గి 2005 నాటికి చాలవరకు సున్న అయినవి. సికింద్రాబాదు పార్క్ లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు, అనగా మనవారు సి.టి.సి. అని పిలుచు అంగడి, పెరిగినది ఈ కాలమున. మద్రాసు రిచీ వీధి, ఢిల్లీ నెహ్రూ ప్లేసు కోవలోనిదది. 'అసెంబుల్డ్' అను మాట తెలుగు ఇండ్లలోనికి ఇటువంటి అంగళ్ల నుండియే వచ్చినది. బిల్లు లేని సరుకును తక్కువ ధరకు ఇచ్చు అలవాటు కూడ వెంట వచ్చినది. వారంటీ అవసరమైన నాడు దాని అసలు వెల తెలియును.

ఇప్పుడు ఎంపికకు వత్తము. ఏ ఒడంబడిక దీర్ఘకాలము నిలిచినదో దానికి చెందిన భాగముపై పెట్టిన సొమ్ము దీర్ఘకాలము నిలుచును. వీనిలో మిక్కిలి దీర్ఘాయువు గలది 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏ.టి.ఎక్స్. కొలత: బోర్డు 305 మిల్లీమీటర్లు పొడవు, 244 వెడల్పు, స్క్రూ రంధ్రములు ఫలానా చోట్ల అని. విద్యుత్ కనెక్టరు పిన్నులు 20 నుండి 24కు పెరిగినవి గాని మూల స్వరూపము మారలేదు. కనుక నేడు కొన్న మంచి క్యాబినెట్టు, మంచి ఎస్.ఎం.పి.ఎస్. రెండు మూడు తరముల ప్రాసెసర్లను చూడగలవు. చిత్రమేమనగా, మనవారు మిక్కిలి పిసినారితనము చూపునది ఈ భాగముపైననే. "క్యాబినెట్టుతో ఎస్.ఎం.పి.ఎస్. ఉచితము" అను మాటకు లోబడరాదు. లెక్క కష్టమైనది కాదు. ఆటలో ప్రాసెసరు 90 వాట్లు, ఒక మధ్యరకపు గ్రాఫిక్స్ కార్డు 170, తక్కినవి 50 తీసికొనిన, మొత్తము 310. కార్డు క్షణకాలము ఇంతకంటె ఎక్కువ లాగును గనుక 450 నుండి 550 వాట్ల నాణ్యమైనది చాలును. అట్ట మీద 500 అని యుండి నిజముగా 300 కూడ ఇవ్వలేనివి అంగడిలో గలవు.

ప్రాసెసరు సాకెట్ల విషయమున ఒడంబడిక అల్పాయుష్కమైనది. ఇంటెల్ 2015లో 1151 కాళ్ల సాకెట్టును తెచ్చినది. 2017లో అదే పేరు, అదే ఆకారము గల సాకెట్టుతో వచ్చిన ఎనిమిదవ తరపు ప్రాసెసర్లు పాత బోర్డులపై పనిచేయలేదు. ఏ.ఎం.డి. వారి ఏ.ఎం.4 సాకెట్టు 2016లో వచ్చినది. 2020 నాటి ప్రాసెసరు కూడ, బయాస్ మార్చినచో, చాలవరకు పాత బోర్డులపై నడిచినది. కావున ప్రాసెసరును, బోర్డును ఒక జంటగా ఎంచవలెను. ర్యామ్ కూడ ఆ జంటలోనిదే: డి.డి.ఆర్.4 పలక గంటు ఒకచోట, డి.డి.ఆర్.5 గంటు మరియొకచోట నుండును. బలవంతముగ నొక్కినచో విరుగునే గాని పట్టదు.

ఇక గ్రాఫిక్స్ కార్డు. ఆటల కంప్యూటరు వ్యయములో పెద్ద భాగము దీనిదే గనుక కొంత నిదానింపవలెను. 1920 × 1080 చుక్కల తెరపై ఒక దృశ్యమున 20,73,600 చుక్కలుండును. సెకనుకు 60 దృశ్యములనిన 12 కోట్ల 44 లక్షల చుక్కల రంగులు తేల్చవలెను. 1993 నాటి 'డూమ్' ఆటలో ఈ పని యంతయు ప్రాసెసరే చేసెడిది. 1996లో త్రీడీఎఫ్ఎక్స్ కంపెనీ 'వూడూ' కార్డు ఈ భారమును కొంత మోసినది. 1999లో ఎన్విడియా 'జీఫోర్స్ 256' ఆకృతులను త్రిప్పుట, వెలుగునీడలు లెక్కించుట కూడ తన నెత్తినెత్తుకొన్నది. ఒక చుక్క రంగు ప్రక్క చుక్కపై చాలవరకు ఆధారపడదు. అందుచే వేలకొలది చిన్న లెక్కగాండ్రు ఒకేసారి పనిచేయవచ్చును. తోటలో ఏ చెట్టు కోయవలెనో నిర్ణయించు మేస్త్రి ఒక్కడు చాలును, కోయు కూలీలు మాత్రము అనేకులు కావలెను. ప్రాసెసరు ఆ మేస్త్రి, గ్రాఫిక్స్ చిప్పు ఆ కూలీల దండు. ఇట్టి చిప్పుల రూపకల్పనలో పేరుగన్న రాజా కోడూరి కొవ్వూరులో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివి, ఏ.టి.ఐ., ఆపిల్, ఏ.ఎం.డి., ఇంటెల్ సంస్థలలో పనిచేసినవారు.

కూలీలెందరున్నను నున్న మార్కెట్టుకు పోవు ట్రాక్టరు ఒక్కటియే యైనచో కాయలు చెట్ల క్రిందనే ఆగిపోవును. కంప్యూటరులోను ఇంతే. ప్రాసెసరు ఒక దృశ్యమునకు 10 మిల్లీసెకన్లు, కార్డు 25 తీసికొనుచున్నవనుకొందము. రెండును ఏకకాలమున పనిచేయుచుండును గనుక నెమ్మదైనదే వేగమును నిర్ణయించును: సెకనుకు 40 దృశ్యములు. ప్రాసెసరుపై ఎంత వెచ్చించినను ఈ 40 పెరుగదు. రెట్టింపు వేగపు కార్డు పెట్టిన 80 అగును. బోర్డుకును కార్డుకును నడుమనున్న పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ ఒడంబడిక 2003 నాటిది. దానిలో క్రొత్త కార్డు పాత స్లాటులోను, కొంత వేగము తగ్గినను, పనిచేయును. కనుక సొమ్ము చాలనివాడు మొదట సామాన్యమైన కార్డుతో గడిపి, ఒకటి రెండేండ్లకు మంచిది తెచ్చుకొనుట బుద్ధిమంతమైన పని.

పరదేశపు పత్రికలలోని సలహాలు మన వాతావరణమునకు నేరుగా వర్తింపవు. చిప్పు వేడి గది వేడిపై ఆధారపడును. వాటుకు 0.4 డిగ్రీల చొప్పున వేడెక్కు కూలరుతో 100 వాట్ల ప్రాసెసరు గదికంటె 40 డిగ్రీలు ఎక్కువ వేడిగా నుండును. గది 25 అయిన చిప్పు 65. మే మాసపు ఆగిరిపల్లిలో గది 42 అయిన చిప్పు 82. క్యాబినెట్టులోని గాలి మరియొక పది డిగ్రీలు చేర్చినచో 92. నూరు సమీపించునప్పటికి ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును, ఆట తడబడును. ముందువైపు జాలి గల క్యాబినెట్టు, రెండు మూడు మంచి ఫ్యాన్లు ఇక్కడ విలాసము కావు.

ఎర్తు సంగతి ఎవ్వరును చెప్పరు. ఎస్.ఎం.పి.ఎస్. లో, విద్యుత్ తీగలకును లోహపు పెట్టెకును నడుమ, అలజడిని వడగట్టుటకు చిన్న కెపాసిటర్లుండును. మూడవ పిన్నుకు ఎర్తు లేనిచో ఇవి 230 వోల్టులను సగము చేసి క్యాబినెట్టును సుమారు 115 వోల్టుల వద్ద నుంచును. ప్రవాహము అత్యల్పమే గాని ముట్టుకొన్నచో చేయి చిమచిమలాడును. తెర తీగ గుచ్చునపుడు పోర్టు చెడిపోవచ్చును. పాత ఇండ్లలో బొగ్గు, ఉప్పు వేసిన ఎర్తు గుంటయే యున్నచో, మామిడి కోతల కాలమున నేల ఎండిపోవును గనుక, వారమునకొకసారి దానిలో రెండు బిందెల నీరు పోయవలెను.