ఇంటి కంప్యూటరులో హార్డు డిస్కు సమస్యలు, బ్యాకప్

ఇంటి కంప్యూటరులోని పత్రాలు, ఛాయాచిత్రాలు, పాటలు, జమాఖర్చులు సాధారణంగా హార్డు డిస్కు అనే ఒకే భాగంలో నిల్వ ఉంటాయి. ఈ సమాచారానికి వేరొక చోట భద్రపరచుకునే నకలును బ్యాకప్ అంటారు. ఈ నకళ్ళను క్రమం తప్పకుండా తీసిపెట్టే ప్రోగ్రాములను బ్యాకప్ సాఫ్టువేరు అంటారు. ఏ హార్డు డిస్కు అయినా ఎప్పుడో ఒకప్పుడు చెడిపోక తప్పదు. చెడిపోయిన డిస్కు స్థానంలో కొత్తది కొనవచ్చు కానీ అందులోని సమాచారాన్ని కొనలేము. కాబట్టి సమస్య తలెత్తినప్పుడు ముందుగా కాపాడవలసింది సమాచారాన్ని. డిస్కు మరమ్మత్తు సంగతి ఆ తరువాతనే చూడాలి.

నేపథ్యం

వాణిజ్యపరంగా విడుదలై, అయస్కాంత డిస్కును ఉపయోగించిన తొలి కంప్యూటరు ఐబీఎం సంస్థ 1956లో తెచ్చిన 305 రామాక్. దీని డిస్కు యంత్రంలో 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్ళాలు ఉండేవి. వాటన్నిటిలో కలిపి 50 లక్షల అక్షరాలు మాత్రమే పట్టేవి. వ్యక్తిగత కంప్యూటరులో ఇమిడే 5.25 అంగుళాల డిస్కును సీగేట్ సంస్థ 1980లో ఎస్‌టీ-506 పేరుతో విడుదల చేసింది. దాని సామర్థ్యం 5 మెగాబైట్లు.

హైదరాబాదు తూర్పు భాగంలోని మల్కాజిగిరి ప్రాంతానికి కంప్యూటర్లతో చాలాకాలంగా సంబంధం ఉంది. 1967లో స్థాపించబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఇక్కడే ఉంది. ఈ.సి.ఐ.ఎల్.గా ప్రసిద్ధమైన ఈ సంస్థ 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరును వెలువరించింది. సంస్థ వ్యవస్థాపకుడు అయ్యగారి సాంబశివరావు పేరు మీదనే సమీపంలోని ఏ.ఎస్.రావు నగర్ వెలసింది. 2000 దశకంలో కంప్యూటర్లు ఇళ్ళలోకి విరివిగా వచ్చాయి. విడిభాగాలు కొని కూర్పించుకునే కంప్యూటర్లకు, వాటి మరమ్మత్తులకు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు పేరు పొందింది.

డిస్కు పనిచేసే తీరు

హార్డు డిస్కులో అయస్కాంత పూత గల పళ్ళాలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటాయి. చదివే తల వాటిని తాకకుండా, వెంట్రుక మందం కన్నా ఎంతో తక్కువ ఎత్తులో కదులుతుంది. తల పళ్ళాన్ని తాకితే అక్కడి పూత గీసుకుపోతుంది. పని జరుగుతుండగా డిస్కు కిందపడటం, వేడి, ధూళి, ఉన్నట్టుండి కరెంటు పోవడం డిస్కుకు గానీ అందులోని దస్త్రాలకు గానీ హాని చేస్తాయి. విద్యుత్ కోతలు ఉన్నచోట యూపీఎస్ వాడటానికి ముఖ్య కారణం ఇదే.

కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీలు కుదుపులను బాగా తట్టుకుంటాయి. అయితే ఇవి శబ్దం వంటి ముందస్తు సూచన ఏదీ లేకుండానే ఆగిపోవచ్చు. తొలగించిన దస్త్రాలను వీటి నుండి తిరిగి రాబట్టడం కూడా హార్డు డిస్కుతో పోలిస్తే కష్టం.

లోపాలు, వాటి లక్షణాలు

- టక్ టక్ మనే శబ్దం పదేపదే రావడం: తల లేదా దానిని కదిలించే భాగం చెడినట్లు సూచన. వెంటనే కంప్యూటరును ఆపివేయాలి.
- దస్త్రాలు తెరుచుకోవడానికి ఎక్కువ సమయం పట్టడం, సైక్లిక్ రిడండెన్సీ చెక్ అనే సందేశం రావడం: డిస్కులో కొన్ని సెక్టార్లు చదవడానికి వీలులేకుండా పోయి ఉండవచ్చు.
- డిస్కును ఫార్మాట్ చేయమని విండోస్ అడగడం: దస్త్రాల పట్టిక దెబ్బతిన్నదని అర్థం. సమాచారం చాలావరకు డిస్కులోనే ఉండవచ్చు కనుక అంగీకరించరాదు.
- బయోస్‌లో డిస్కు పేరు కనిపించకపోవడం: డిస్కు చెడిందని అనుకునే ముందు డేటా కేబులు, విద్యుత్ కేబులు మార్చి చూడాలి.
- బయటి డిస్కు మధ్యమధ్యలో తెగిపోవడం: చాలాసార్లు విద్యుత్తు చాలకపోవడమే కారణం. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్లు ఇస్తాయి. క్యాబినెట్ ముందువైపు పోర్టుకు బదులు వెనుకవైపు పోర్టుకు తగిలించి చూడాలి.

500 గిగాబైట్ల డిస్కును విండోస్ సుమారు 465 గిగాబైట్లుగా చూపడం లోపం కాదు. తయారీదారులు వెయ్యి చొప్పున, విండోస్ 1,024 చొప్పున లెక్కించడం వలన ఈ తేడా వస్తుంది.

డిస్కులు తమ స్థితిని తామే నమోదు చేసుకునే ఏర్పాటును స్మార్ట్ అంటారు. ఇందులో మార్చబడిన సెక్టార్ల సంఖ్య, చదవలేక పెండింగులో ఉన్న సెక్టార్ల సంఖ్య ముఖ్యమైనవి. ఇవి పెరుగుతుంటే డిస్కును మార్చాలి. సీఆర్‌సీ దోషాల సంఖ్య మాత్రమే పెరుగుతుంటే తరచుగా లోపం కేబులులో ఉంటుంది. అయితే స్మార్ట్ బాగుందన్నంత మాత్రాన డిస్కు బాగున్నట్లు కాదు. లక్షకు పైగా డిస్కులను పరిశీలించి గూగుల్ పరిశోధకులు 2007లో ప్రచురించిన పత్రం ప్రకారం, విఫలమైన డిస్కులలో 56 శాతానికి పైగా నాలుగు ప్రధాన స్మార్ట్ సూచికలలో దేనిలోనూ హెచ్చరిక చూపలేదు.

సమాచారాన్ని కాపాడే క్రమం

ఉప్పల్ సమీపంలోని రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ సైన్సు ప్రయోగశాల ఉంది. ఇటువంటి ప్రయోగశాలలలో నేర పరిశోధన కోసం వచ్చిన డిస్కును నేరుగా తెరిచి వెతకరు. దానిపై ఏమీ రాయబడకుండా నిరోధించే పరికరానికి తగిలించి, మొదటి బిట్టు నుండి చివరి బిట్టు వరకు నకలు తీస్తారు. పరిశీలన అంతా ఆ నకలు మీదనే జరుగుతుంది. సాక్ష్యం చెదరకుండా ఉండటానికి ఏర్పడిన ఈ పద్ధతి ఇంట్లో చెడిపోతున్న డిస్కుకు కూడా వర్తిస్తుంది.

1. కంప్యూటరులో మామూలు పనులు ఆపివేయాలి. డిస్కుపై కొత్తగా ఏమీ రాయరాదు.
2. డిస్కు ఇంకా చదవబడుతుంటే, మళ్ళీ దొరకని దస్త్రాలను ముందుగా వేరొక డిస్కులోకి ఎక్కించాలి. విండోస్, ఇతర ప్రోగ్రాములు మళ్ళీ దొరుకుతాయి.
3. సెక్టార్లు పాడైనట్లయితే డీడీరెస్క్యూ వంటి ప్రోగ్రాముతో మొత్తం డిస్కుకు నకలు తీయాలి. ఇది సులువుగా చదవగల భాగాలను ముందు తీసుకుని, కష్టమైన వాటిని చివరకు వదిలిపెడుతుంది.
4. పోయిన విభాగాలను టెస్ట్‌డిస్క్‌తోను, దస్త్రాలను ఫోటోరెక్‌తోను ఆ నకలులోనే వెదకాలి. ఇవి ఉచితంగా లభిస్తాయి.
5. శబ్దం చేస్తున్న డిస్కులో విలువైన సమాచారం ఉంటే నిపుణులకు అప్పగించాలి.

చెడిపోతున్న డిస్కుపై చెక్‌డిస్క్‌ను నడపడం తొందరపాటు. అది సెక్టార్లన్నిటినీ చదువుతూ డిస్కును శ్రమ పెడుతుంది, దస్త్రాల పట్టికను కూడా మార్చివేస్తుంది. డిస్కు మూతను ఇంట్లో తెరిస్తే ధూళి చేరుతుంది. ఫ్రీజరులో పెడితే తేమ పేరుకుంటుంది.

విండోస్‌ను తిరిగి ఎక్కించడాన్ని వాడుకలో ఫార్మాట్ చేయించడం అంటారు. ఇందులో సాధారణంగా సి డ్రైవు పూర్తిగా చెరిగిపోతుంది. డెస్క్‌టాప్, మై డాక్యుమెంట్స్ మామూలుగా సి డ్రైవులోనే ఉంటాయి. అందువలన మరమ్మత్తుకు ఇచ్చేటప్పుడు లోపలి సమాచారం కావాలని ముందే స్పష్టంగా చెప్పడం అవసరం.

బ్యాకప్ సాఫ్టువేరుతో వచ్చే సమస్యలు

విండోస్ ఎక్స్‌పీలో ఎన్‌టీబ్యాకప్ అనే ప్రోగ్రాము ఉండేది. 2007లో విడుదలైన విస్టాలో దాని స్థానంలో వేరొకటి, 2012లో విండోస్ 8తో ఫైల్ హిస్టరీ వచ్చాయి. యాపిల్ 2007లో టైమ్ మెషీన్‌ను ప్రవేశపెట్టింది. వీటిలో తరచుగా ఎదురయ్యే ఇబ్బందులు ఇవి:

- బ్యాకప్ 4 గిగాబైట్ల వద్ద ఆగిపోవడం: బయటి డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే అందులో ఒక దస్త్రం 4 గిగాబైట్లను చేరకూడదు. డిస్కును ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చాలి.
- నిర్ణీత వేళకు బ్యాకప్ జరగకపోవడం: అర్ధరాత్రికి నిర్ణయించి, ఆ వేళకు కంప్యూటరును ఆపివేయడం దీనికి సాధారణ కారణం. ఎక్స్‌పీలో సంకేతపదం లేని ఖాతా పేరున పెట్టిన పనులు కూడా నడిచేవి కావు.
- గమ్యస్థానం దొరకలేదనే సందేశం: బయటి డిస్కు అక్షరం ఎఫ్ నుండి జికి మారి ఉండవచ్చు. డిస్క్ మేనేజ్‌మెంటులో పాత అక్షరాన్నే ఇవ్వాలి.
- కొన్ని దస్త్రాలు విడిచిపెట్టబడటం: అప్పుడు తెరిచి ఉన్న దస్త్రాలను వాల్యూమ్ షాడో కాపీ అనే సేవ సాయంతో నకలు తీస్తారు. ఆ సేవ నిలిచిపోయిందేమో చూడాలి.
- పాత బ్యాకప్ తెరుచుకోకపోవడం: ఎన్‌టీబ్యాకప్ తయారుచేసిన బీకేఎఫ్ దస్త్రాలను తరువాతి విండోస్‌లు నేరుగా తెరవవు.

తెలుగు దస్త్రాలు

యూనికోడ్ వ్యాప్తికి ముందు పెళ్ళి పత్రికలు, పుస్తకాలు, చిన్న పత్రికలు ఎక్కువగా అను ఫాంటులతో పేజ్‌మేకరులో తయారయ్యేవి. ఈ ఫాంటులు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలను ఉంచుతాయి. ఫాంటు లేని కంప్యూటరులో ఆ దస్త్రం తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి. దస్త్రం చెడలేదు, చదివే సాధనమే లేదు. అందుచేత అటువంటి దస్త్రాలతోపాటు ఫాంటును కూడా భద్రపరచాలి. పాఠాన్ని యూనికోడులోకి మార్చి మరొక ప్రతి, ముద్రణకు సిద్ధమైన రూపంలో పీడీఎఫ్ ప్రతి ఉంచడం మంచిది.

3-2-1 సూత్రం

సమాచారానికి మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల సాధనాలపై ఉండాలి, ఒకటి ఇంటి బయట ఉండాలి. ఈ సూత్రాన్ని అమెరికన్ ఛాయాచిత్రకారుడు పీటర్ క్రోగ్ ప్రాచుర్యంలోకి తెచ్చాడు. సి డ్రైవు నుండి డి డ్రైవుకు నకలు తీయడం చాలా ఇళ్ళలో కనిపించే అలవాటు. రెండు డ్రైవులూ ఒకే డిస్కులోని విభాగాలు అయినప్పుడు, డిస్కు చెడితే రెండూ ఒకేసారి పోతాయి.

ఇంటి బయట ప్రతి ఎందుకో 2020 అక్టోబరు వర్షాలు చూపాయి. ఆ నెల 13న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని ఘట్‌కేసర్ ప్రాంతంలో 32 సెంటీమీటర్ల వర్షం నమోదైంది. రామంతాపూర్, హబ్సిగూడ ప్రాంతాలలో ఇళ్ళలోకి నీరు చేరింది. అటువంటప్పుడు కంప్యూటరు, దాని పక్కనే పెట్టిన బ్యాకప్ డిస్కు కలిసి మునిగిపోతాయి. బంధువుల ఇంట్లో ఉంచిన డిస్కు గానీ, అంతర్జాలంలోని నిల్వ గానీ ఈ లోటును తీరుస్తుంది.

నిరంతరం తగిలించి ఉంచిన డిస్కుకు మరొక ముప్పు ఉంది. సమాచారాన్ని తాళం వేసి డబ్బు అడిగే వైరసులు బ్యాకప్ డిస్కును కూడా తాళం వేయగలవు. 2017 మేలో ప్రపంచమంతటా వ్యాపించిన వాన్నాక్రై బారిన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా పడ్డాయి. బ్యాకప్ పూర్తి కాగానే డిస్కును విడదీసి దాచాలి. రెండు చోట్ల దస్త్రాలను సమానంగా ఉంచే సింక్ సేవలు పూర్తి బ్యాకప్ కావు. ఒకచోట తొలగించిన దస్త్రం రెండవచోట కూడా తొలగిపోతుంది.

పునరుద్ధరణ పరీక్ష

విజయవంతంగా పూర్తయిందన్న సందేశం బ్యాకప్‌కు రుజువు కాదు. తీసిన నకలు నుండి దస్త్రాలు తిరిగి వచ్చినప్పుడే అది పనికివచ్చే బ్యాకప్ అవుతుంది. కొన్ని నెలలకొకసారి ఒక ఛాయాచిత్రాన్ని, ఒక పత్రాన్ని, ఒక పెద్ద వీడియోను బ్యాకప్ నుండి వేరొక ఫోల్డరులోకి, వీలైతే వేరొక కంప్యూటరులోకి రప్పించి తెరిచి చూడాలి. సంకేతపదంతో తాళం వేసిన బ్యాకప్ అయితే, ఆ పదం ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి.

ఇవి కూడా చూడండి

- హార్డు డిస్కు
- యూనికోడ్
- కంప్యూటరు వైరస్
- ఈ.సి.ఐ.ఎల్.