తాతముత్తాతల పేర్లు ఎక్కడ దొరకును?



ఝరాసంగం క్షేత్రమున అమృతగుండములో స్నానమాడి కేతకీ సంగమేశ్వరస్వామిని సేవించుటకు తెలంగాణము నుండియే గాక కర్ణాటక, మహారాష్ట్రముల నుండియు జనులు వచ్చుచుందురు. వారిలో అమావాస్యనాడు పితృతర్పణము విడువగోరువారును ఉందురు. సంకల్పమునకు కూర్చుండినవానిని ముందుగా గోత్రమడుగుదుము. పిదప వసురూపుడైన తండ్రి పేరు, రుద్రరూపుడైన తాత పేరు, ఆదిత్యరూపుడైన ముత్తాత పేరు అడుగుదుము. తండ్రి పేరు వెంటనే చెప్పును. తాత పేరు కొంత ఆలోచించి చెప్పును. ముత్తాత దగ్గరకు వచ్చుసరికి తమ్ముడు అన్న ముఖము చూచును, అన్న పినతండ్రి ముఖము చూచును. ఇక తల్లి, నాయనమ్మ, ఆ నాయనమ్మకు అత్తగారు, ఈ వరుసలో మూడవ పేరు చెప్పగలవారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును.

శాస్త్రము దీనికి మార్గము చూపకపోలేదు. పేరు తెలియని తండ్రిని పృథివీషత్ అనియు, తాతను అంతరిక్షసత్ అనియు, ముత్తాతను దివిషత్ అనియు పిలిచి స్వధ యిమ్మని సూత్రకారులు చెప్పిరి. గోత్రము తెలియనివారికి కాశ్యపగోత్రము చెప్పుట ఆచారములో నున్నది. అయితే ఇది ఎంత వెదకినను పేరు దొరకనివారికి ఇచ్చిన వెసులుబాటు. అడిగిన దొరకు పేరును అడుగక విడిచినవానికి ఇది చెల్లదని మా అభిప్రాయము. మన తాతముత్తాతల పేర్లలో పెక్కు ఈనాటికిని సర్కారు కచేరీల బీరువాలలో ఉన్నవి. అవి ఎక్కడున్నవో, ఎట్లు అడుగవలెనో ఈ పూట చెప్పుదుము.

వంశమును పేరు పేరున నిలుపుకొనుట మనకు క్రొత్తది కాదు. బృహదారణ్యకోపనిషత్తులో వంశబ్రాహ్మణములు కలవు. గురుపరంపరను వరుసగా చెప్పు ఆ పాఠమును పాఠశాలలో విద్యార్థులు వల్లె వేయుదురు. ఆ ఉపనిషత్తు చివరనున్న వంశములో ఆచార్యులు పౌతిమాషీపుత్రుడు, కాత్యాయనీపుత్రుడు, గౌతమీపుత్రుడు అని తల్లుల పేర్లతో వ్యవహరింపబడిరి. మన దేశమునేలిన శాతవాహనులును గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి అని మాతృనామములతోనే శాసనములకెక్కిరి. తరువాతి తామ్రశాసనములలో దానము పుచ్చుకొన్న బ్రాహ్మణుని గోత్రము, శాఖ, తండ్రి తాతల పేర్లు కలవు. ఆ కాలపు లేఖకునకు తెలిసిన సంగతి మన కాలపు కుటుంబములలో ఎట్లు జారిపోయెనో!

మొదట తెలిసికొనవలసినది మీ గ్రామము ఏ కాలమున ఏ జిల్లాలో నుండెనన్నది. ఝరాసంగం నేడు సంగారెడ్డి జిల్లాలోనిది. ఆ జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినది. అంతకు ముందు ఇది మెదకు జిల్లా. మండలములు వచ్చినది 1985లో. దానికి పూర్వము జహీరాబాదు తాలూకా. ఇంకను వెనుకకు పోయినచో, 1956 నవంబరు 1వ తేదీ వరకు జహీరాబాదు తాలూకా హైదరాబాదు రాష్ట్రపు బీదరు జిల్లాలో నుండెడిది. రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు జహీరాబాదు తాలూకా, నారాయణఖేడు తాలూకా, బీదరు తాలూకాలోని న్యాల్కల్ సర్కిలు తెలుగు రాష్ట్రమునకు వచ్చినవి. జహీరాబాదు తాలూకాలోని నిర్ణా సర్కిలు మాత్రము మైసూరు రాష్ట్రమునకు పోయినది. అందుచేత ఒకే ఇంటివారి భూములలో కొన్ని ఇటును, కొన్ని అటును పడినవి. మెదకు జిల్లా పేరుతో వెదకి, ఏమియు లేదని నిరాశపడి మరలినవారు మాకు తెలియును. 1956కు పూర్వపు కాగితములకు బీదరు జిల్లా అనియే అడుగవలెను.

ఇక పహాణీ సంగతి. రైతు కుటుంబములవారికి ఇది అక్షయపాత్ర. 1954-55 నాటి కాస్రా పహాణీ, 1955 నుండి 1958 వరకు మూడేండ్ల లెక్క చూపు సేసాల పహాణీ, వానికి పూర్వము సర్వే బందోబస్తునాటి సేత్వారు, శిస్తు లెక్క తెలుపు వసూల్ బాకీ, ఈ పేర్లు మన పల్లెలలో పెద్దలందరు ఎరుగుదురు. వీనిలో మనుష్యుని పేరు ఒంటరిగా ఉండదు. 'సాయన్న వల్ద్ మల్లయ్య' అని యుండును. వల్ద్ అనగా కుమారుడు. స్త్రీ అయినచో 'జౌజె' ఫలానా, అనగా భార్య, వితంతువైనచో 'బేవా'. అనగా ఒక్క పంక్తిలో రెండు తరములు దొరకును. పట్టాదారు మరణించినప్పుడు ఫౌతి చేసి వారసుని పేరు ఎక్కింతురు గదా! కాస్రాలో సాయన్న తండ్రి మల్లయ్య అని తెలిసిన పిదప, అదే సర్వే నంబరును పాత లెక్కలో చూచినచో మల్లయ్య తండ్రి పేరు దొరకును. సంకల్పమునకు కావలసిన మూడు పేర్లు రెండు కాగితములతో సమకూరినవి.

పాత లెక్కలలో ఫసలీ సంవత్సరము వ్రాయుదురు. దానికి 590 కలిపిన క్రీస్తుశకము వచ్చును. నైజాము ఫసలీ ఆజూరు మాసముతో అక్టోబరులో మొదలగును గనుక 1330 ఫసలీ అనగా 1920-21. ఆజూరు, దై, బహమన్ అను మాసనామములు చూచి కొందరు బెదరుదురు. బెదరనక్కరలేదు, అవి పారసీక మాసములు.

లిపి మాత్రము నిజమైన కష్టము. 1880ల దశకము వరకు సర్కారు వ్యవహారము ఫారసీలోను, అటుపిమ్మట ఉర్దూలోను సాగెను. బీదరు వైపు గ్రామములలో మోడీ లిపిలోని మరాఠీ కాగితములును కనబడవచ్చును. గుమాస్తాలు వేగముగా వ్రాయు షికస్తా లిపిలో చుక్కలు పెట్టరు. చుక్క లేనిచో ఉర్దూలో చకారమునకు, జకారమునకు భేదము తెలియదు. పకార బకారములకును అంతే. ల, ళ లకు వేరు అక్షరములే లేవు. బాలయ్య పాలయ్య అగును, చెన్నయ్య జన్నయ్య అగును. అందుచేత పేరును ఒక్క కాగితము చూచి నిశ్చయింపరాదు. సర్వే నంబరు, గ్రామము, తండ్రి పేరు మూడును కలిసినప్పుడే మనవాడని నమ్మవలెను. ఉర్దూ చదువగల వృద్ధులు జహీరాబాదులోను, బీదరులోను ఇంకను ఉన్నారు. మీ పితృదేవతల పేరు చదివి పెట్టిన మౌల్వీసాహెబునకు వస్త్రమిచ్చి నమస్కరింపుడు. అందులో దోషమేమియు లేదు.

దేవాలయ సేవకులకు, ఇనాముదారులకు దీనికంటె గొప్ప ఆధారము కలదు. ఇనాము ధ్రువపరచిన ముంతఖబు పత్రములో ఇనాము పుచ్చుకొన్నవాని పేరు, అతని పాలివాండ్ర పేర్లు ఉండును. అతడు గతించినప్పుడు జరుగు విరాసత్ విచారణలో షజరా, అనగా వంశవృక్షము, దాఖలు చేయవలసి యుండెడిది. నాలుగైదు తరములవారు, సంతు లేక గతించినవారితో సహా, అందులో నిలిచియుందురు. సంతులేనివారికి తర్పణము విడుచువారెవరు? దాయాదులే గదా! 1952లో అతియాత్ విచారణల చట్టము, 1955లో ఇనాముల రద్దు చట్టము వచ్చినప్పుడు ఇట్టి మిసళ్లు అనేకము తయారైనవి. ధర్మాదాయముల విషయమున 1349 ఫసలీ నిబంధనల ననుసరించి నమోదైన పుస్తకములలోను ఆలయముల వివరములు కలవు. జాగీరు, పైగా గ్రామములలో 1949లో జాగీర్లు రద్దగు వరకు లెక్కలు ఆ జాగీర్దారుల కచేరీలలోనే ఉండెడివి గనుక, మీ గ్రామము దివానీదా, జాగీరుదా అన్నది పెద్దలను అడిగి తెలిసికొనుడు. రాజ్యపు పాత దఫ్తరములు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాగారములో నున్నవి. మొగలుల కాలపు పత్రములు సైతము అచ్చట భద్రపరచబడినవి.

భూమి లేనివారి మాటయేమి? ఇది పెద్ద ప్రశ్న. పితృఋణము భూమి గలవానికే గాని లేనివానికి లేదని ఏ శాస్త్రమును చెప్పలేదు. వడ్లవారు, కమ్మరి, మంగలి, చాకలి మొదలగువారికి బలోతా ఇనాములు, నీరడికి, సేత్‌సిందీకి సేవా ఇనాములు ఉండెడివి. 1955 చట్టము వానిని పేర్కొన్నది. ఆ లెక్కలలో వారి పూర్వీకులు ఉందురు. అవియు లేనివారు పాఠశాల ప్రవేశ పుస్తకములను చూడవలెను. తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ అందులో కలవు. జనన మరణముల నమోదు చట్టము 1969 నాటిది. దాని ననుసరించి పంచాయతీలలో పుస్తకములున్నవి. జనాభా లెక్కలు నైజాము రాజ్యమున 1881లోనే మొదలైనను అవి ఈ పనికి రావు. ఇంటింటి వివరము బయటపెట్టుటకు 1948 చట్టము అంగీకరింపదు.

పట్వారీ, మాలీపటేలు, పోలీసు పటేలు పదవులు 1984లో రద్దైనవి. అప్పుడు పట్వారీల ఇండ్లనుండి రావలసిన మూటలన్నియు కచేరీకి చేరినవని మేము తలపము. పాత పట్వారీ వంశమువారి ఇంటి అటక మీద కొన్ని ఇంకను ఉండవచ్చును. వినయముగా అడిగిన చూపుదురు. కచేరీలో నకలు కొరకు దరఖాస్తు పెట్టి రుసుము చెల్లింపవలెను. జాప్యమైనచో 2005 నాటి సమాచారహక్కు చట్టము కలదు. 2020లో వచ్చిన ధరణి గాని, 2025లో దాని స్థానమున వచ్చిన భూభారతి గాని యిప్పటి పట్టాదారుని చూపును, ముత్తాతను చూపదు. ఒక హెచ్చరిక. నకలు తీయించితిరని తెలిసినంతనే దాయాదులు పాలు అడుగ వచ్చితిరని అనుమానింతురు. తర్పణము కొరకని ముందే చెప్పి, వారిని వెంటబెట్టుకొని పోవుట మేలు.

మీ తాతలు కాశీ, గయ యాత్ర చేసియున్నచో అచ్చటి పండాల వహీలలో చేవ్రాలు చేసియుందురు. మీరు ఇప్పుడున్న ఊరు గాక మూలగ్రామము, బీదరు జిల్లా, నైజాము రాజ్యము అని చెప్పినగాని వారు పుట తీయలేరు.

ఇంత చెప్పినను స్త్రీల పేర్లు మిగిలిపోయినవి. విధవయై భూమి తన పేర వచ్చిననే గాని స్త్రీ సాధారణముగా పహాణీకెక్కదు. 1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలకు ఓటర్ల పట్టికలు వ్రాసినప్పుడు, ఉత్తరదేశమున అనేకులైన స్త్రీలు తమ పేరు చెప్పక ఫలానావాని భార్య, ఫలానావాని తల్లి అని మాత్రమే చెప్పిరి. దాదాపు 28 లక్షల మంది పేర్లు అందుచేత పట్టికలనుండి తొలగింపబడినవి. వారికి ఓటు పోయినది. వారి మునిమనుమలకు సంకల్పములో చెప్పవలసిన పేరు పోయినది. మన ప్రాంతమున ఆ పేర్లు పాత లగ్నపత్రికలలో, జాతకచక్రములలో, పెండ్లినాడు పుట్టింటివారు పేరు చెక్కించి ఇచ్చిన ఇత్తడి బిందెల మీద దొరకును. అన్నింటికంటె ముఖ్యముగా ఇంటిలోని ముసలమ్మల నోట దొరకును. కచేరీ కాగితము వచ్చే యేడు చూడవచ్చును. ఎనుబది యేండ్ల మేనత్తను ఈ వారమే అడుగుడు.

భాద్రపద బహుళ పాడ్యమితో మహాలయ పక్షము ప్రారంభమగును. ఆలోగా ఒక పుస్తకములో ఎడమ పుటను తండ్రి, తాత, ముత్తాతలకును, కుడి పుటను తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారికిని, తరువాతి పుటలను మాతామహ వర్గమునకును విడిచి, దొరకిన పేరును దొరకినట్లు, ఎక్కడ దొరకినదో దాని ప్రక్కన, వ్రాసి తెండు. సందేహముగా నున్న పేరును ఖాళీగా ఉంచుడు, ఊహించి నింపకుడు. ఆ పేర్లను సంకల్పములో ఏ వరుసలో, ఏ విభక్తితో పలుకవలెనో మేము కూర్చుండి చెప్పుదుము.