చిత్తు కాగితంలో ఒక ముఖం

వేసవి వచ్చిందంటే మా ఉంగుటూరు ఇంట్లో అమ్మమ్మ పాత కాగితాల మూట విప్పేది. వాటిని నాలుగు రోజులు నీళ్ళలో నానబెట్టి, గుప్పెడు మెంతులు వేసి రోట్లో రుబ్బి, ఆ ముద్దను బోర్లించిన గిన్నెమీద అద్ది ఎండబెడితే బుట్ట తయారయ్యేది. చిల్లులు పడ్డ చాటకూ ఆ గుజ్జే పూసేది. మీలో చాలామంది ఇళ్ళలోనూ ఇది జరిగే వుంటుంది. దాన్ని పొదుపు అన్నారు గాని, కళ అని ఎవరూ అనలేదు.

కాగితపు ముక్కలు అతికించి చేసే బొమ్మను కొలాజ్ అంటారు. 1912లో ఫ్రాన్సులో పికాసో, బ్రాక్ అనే చిత్రకారులు దీన్ని ఆధునిక చిత్రకళలోకి తెచ్చారని పుస్తకాలు చెబుతాయి. అంతకు నూటనలభై ఏళ్ళ ముందే ఇంగ్లండులో మేరీ డెలానీ అనే వితంతువు, తన 72వ ఏట రంగు కాగితాలు కత్తిరించి పువ్వులు అతికించడం మొదలుపెట్టింది. చూపు మందగించేలోగా దాదాపు వెయ్యి చేసింది. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో వున్నాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా అమ్మాయి తెచ్చిన పుస్తకంలో ఒక ఆఫ్రికా కొలాజ్ చూశాను. చేసినామె వంగేచి ముటు, 1972లో కెన్యా రాజధాని నైరోబీలో పుట్టింది. స్త్రీల గర్భకోశ వ్యాధులను చూపే పాత వైద్య గ్రంథపు పుటల మీద, పత్రికలలోంచి కత్తిరించిన కళ్ళూ పెదవులూ, తళుకుపొడీ, బొచ్చూ అతికించి పన్నెండు ముఖాలు చేసింది. ఒకదాని పేరే "గర్భాశయ క్యాన్సర్".

మొదట చూసినప్పుడు నాకు జడుపు పుట్టింది. "ఇదేం అందమే!" అన్నాను. కళ్ళు ఒకరివి, పెదవులు ఇంకొకరివి. కిందనుంచి రోగం బొమ్మ తొంగిచూస్తోంది.

అయితే దీని వెనుక ఒక చరిత్ర వుంది. దక్షిణాఫ్రికాకు చెందిన సారా బార్ట్‌మన్‌ను 1810లో లండన్ తీసుకెళ్ళి, ఆమె శరీరాన్ని వింతగా డబ్బులు పుచ్చుకుని జనానికి చూపించారు. 1815లో ఆమె పారిస్‌లో చనిపోతే, శాస్త్రం పేరుతో దేహాన్ని కోసి, అస్థిపంజరాన్ని మ్యూజియంలో పెట్టారు. ఆ తల్లి అవశేషాలు స్వదేశం చేరి మట్టిలో కలిసింది 2002లో. అంతకాలం ఆమె వాళ్ళకు ఒక మనిషి కాదు, ఒక నమూనా.

ఇది తెలిశాక బొమ్మ వేరుగా కనబడింది. వైద్య గ్రంథంలో అవయవం వుంటుంది, ముఖం వుండదు. ఫ్యాషన్ పత్రికలో ముఖం వుంటుంది, నొప్పి వుండదు. ఆ రెండు కాగితాలనూ ఆమె ఒకచోట అతికించింది. స్త్రీని ముక్కలు చేసిన కత్తెరతోనే మళ్ళీ మనిషిని చేసింది. అతుకులు దాచకపోవడంలోనే వుంది దాని నిజం.

ఇక నా మాట. ఆమధ్య పాత పేపర్లు తూకానికి వేద్దామని తీస్తుంటే, మా అత్తగారి ఆసుపత్రి కాగితాలు బయటపడ్డాయి. ఆవిడ పోయి పదకొండేళ్ళయింది. వయసు, రోగం, గర్భసంచి కొలతలు అన్నీ వున్నాయి. పేరు దగ్గర మాత్రం మామగారి పేరు రాసి, పక్కన "భార్య" అన్నారు. రెండేళ్ళు ఆ బాధ మాకెవరికీ చెప్పకుండా, కొల్లేటి చేపల పులుసు వండిపెట్టిన మనిషండీ ఆవిడ! నేనూ అడగలేదు. అడగాలని తోచలేదు.

ఆ కాగితాలు తూకానికి వెయ్యలేదు. ఆవిడ పెళ్ళినాటి ఫోటో తీసి, దానిమీద అంటించి, పక్కన పేరు రాశాను. చేయి తిరిగిన పని కాదు. మైదాపిండి జిగురు చారలు కట్టింది. అయినా మా ఇంట్లో ఆ కాగితానికి ఇప్పుడొక ముఖం వుంది.

మీరూ పాత కాగితాలు అమ్మేముందు ఒకసారి తిరగెయ్యండి. అంతకంటే ముందు, ఇంట్లో పెద్దావిడ పక్కన కాసేపు కూర్చుని, "ఒంట్లో ఎలా వుందత్తయ్యా?" అని అడగండి.