మానసిక చికిత్స మందులు, కళ్ళు పొడిబారడం: తెలుసుకోదగిన విషయాలు

పశ్చిమ ఢిల్లీలోని జనక్‌పురి వాసులకు శీతాకాలంలో కళ్ళ మంట కొత్త కాదు. అందుకు కాలుష్యమే కారణమనుకోవడమూ సహజం. అయితే కుంగుబాటుకో, ఆందోళనకో మందులు వాడుతున్నవారిలో కంట్లో ఇసుక పడినట్లు గరగర, ఎరుపు, చదువుతుండగా చూపు మసకబారడం వంటి లక్షణాలు గాలి తేటపడ్డాక కూడా తగ్గకపోతే, ఆ మందుల ప్రభావాన్నీ పరిశీలించవలసి ఉంటుంది.

కారణం ఏమిటి?

కన్నీటి గ్రంథి స్రవించేందుకు నాడుల నుంచి సంకేతాన్ని చేరవేసే ప్రధాన రసాయనం అసిటైల్‌కోలిన్. కొన్ని మందులు దాని పనిని అడ్డుకొంటాయి. ఫలితంగా నోటితోపాటు కళ్ళూ పొడిబారుతాయి. అమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్ వంటి పాత తరం కుంగుబాటు మందులు, క్లోర్‌ప్రొమజిన్, ఇతర మందుల వల్ల కలిగే వణుకు, బిగుతు తగ్గించేందుకు ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ ఈ కోవలోనివి. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటి కొత్త మందులలో ఈ గుణం చాలా తక్కువ. అయినా వాటిని వాడేవారిలోనూ ఈ సమస్య కనిపిస్తోంది. కన్నీటి పొరపై పరిశోధనలను సమీక్షించే అంతర్జాతీయ నిపుణుల బృందం 2017 నివేదికలో ఈ తరహా మందులను కళ్ళు పొడిబారడానికి దోహదం చేసేవాటిలో చేర్చింది. కుంగుబాటుకూ ఈ సమస్యకూ కూడా సంబంధం ఉన్నందున తప్పంతా మందుదేనని తేల్చలేము.

ఏమి చేయాలి?

మాత్రలను సొంతంగా ఆపివేయరాదు. అలా ఆపితే వ్యాధి తిరగబెట్టవచ్చు. తల తిరగడం, నిద్రలేమి వంటి బాధలూ కలగవచ్చు. వాడుతున్న మాత్రలన్నిటి వివరాలను నేత్ర వైద్యునికి, కంటి బాధను మానసిక వైద్యునికి తెలియజేయాలి. రెప్ప కింద కాగితపు పట్టీ ఉంచి, 5 నిమిషాల్లో ఎంత మేర తడిసిందో చూసే షిర్మర్ పరీక్షతో కన్నీటి పరిమాణం తెలుస్తుంది. అవసరమైతే వైద్యులే మోతాదు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు. కృత్రిమ కన్నీటి చుక్కలు, తరచుగా రెప్పలు ఆర్పడం, ఫ్యాను గాలి నేరుగా కళ్ళకు తగలకుండా చూసుకోవడం ఉపశమనమిస్తాయి.

హఠాత్తుగా తీవ్రమైన కంటి నొప్పి, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే అది కేవలం కళ్ళు పొడిబారడం కాకపోవచ్చు. ఇవే మందులు కొందరిలో గ్లకోమా అనే నీటికాసుల వ్యాధిని ఉన్నట్టుండి ప్రేరేపించగలవు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మానసిక ఆరోగ్య సలహాలకు కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరుపై 24 గంటలూ అందుబాటులో ఉంటుంది. ఈ సేవను తెలుగులోనూ పొందవచ్చు.