మజిలీల వరుసలో పల్నాడు

గైడు పుస్తకం ఊళ్లను రెండుగా విడదీస్తుంది: చూడదగినవి, దాటిపోదగినవి. ఆ లెక్కలో దాచేపల్లి రెండో వైపు పడుతుంది. నాగులేటి ఒడ్డున, సున్నపురాతి నేల మీద ఉన్న ఈ ఊరికి దక్షిణపు దిక్కున కారంపూడి వీర్ల గుడి ఉంది. పడమటికి పోతే గురజాల, మాచర్ల, ఆ పైన నాగార్జునకొండ. ఉత్తరాన కృష్ణ ఒడ్డున పొందుగల, ఏరు దాటగానే మూసీ వచ్చి కలిసే వాడపల్లి. అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి ఊరి మీదుగానే పోతుంది, నడికుడి రైలు జంక్షను పక్కనే. ఇన్ని దారులు కలిసే చోటు కూడా, చూపించడానికి పేరుమోసిన కట్టడం లేనందువల్ల, అచ్చు పుటల్లోంచి జారిపోతుంది. కానీ పల్నాడు తిరిగే మనిషి బండి మారేది, పూట గడిపేది, మర్నాటి దారి అడిగి తెలుసుకునేది ఇలాంటి ఊళ్లలోనే. తెలుగులో ప్రయాణాన్ని పుస్తకంగా రాసిన తొలివాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. వాళ్లు దారిని మజిలీలుగా కొలిచారు. కాబట్టి ఈనాటి యాత్రికుడు గైడు పుస్తకంలో గీతలు గీసి, అంచుల్లో రాసి, పుటల వరుస మార్చి తన మజిలీల ప్రకారం సర్దుకుంటే, అది పుస్తకానికి చేసే అపచారమని నేననుకోను. మన ప్రయాణ రచన ఏ పద్ధతిలో మొదలైందో ఆ పద్ధతికి తిరిగి రావడమే అది.

దీనికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగ మీదుగా కాశీకి పోయి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, కోస్తా దారిన వెనక్కి వచ్చాడు. పదిహేను నెలల పైచిలుకు సాగిన ఆ దారి పొడుగునా రోజువారీగా రాసి పెట్టినదే ఆ పుస్తకం. అందులో క్షేత్ర మహిమలూ ఉన్నాయి, వేదాంత చర్చలూ ఉన్నాయి. అయితే పుస్తకాన్ని నిలబెట్టిన గుంజలు మజిలీలే. ఊరు పెద్దదా చిన్నదా, దినుసులు దొరుకుతాయా, దిగడానికి చావడో సత్రమో ఉందా, నీళ్లు ఎలాంటివి, ముందున్న దారి ఇసుకా రేగడా రాతిగొట్టా, ఏరు దాటడానికి ఏ సాధనం ఉంది అన్నవి ఊరూరికీ వస్తాయి. పేరులేని పల్లె కూడా, ఒక రాత్రి ఆగారంటే, ఆ పుస్తకంలో తన వాక్యం తాను సంపాదించుకుంటుంది. తన వెనక రాబోయే మనిషిని తలచుకుని రాసినవాడు తప్ప ఇంత ఓపిగ్గా నీళ్ల సంగతి రాయడు.

ఇక్కడ రెండు అభ్యంతరాలు రావచ్చు. వీరాస్వామయ్య పల్నాడు తొక్కలేదు. అదీగాక ఆయన వెంట పల్లకీ బోయీలు, కావళ్లు, సుమారు వందమంది పరివారం నడిచారు. అంతమందికి తిండీ నీళ్లూ చూసుకోవలసిన యజమాని రాసుకున్న లెక్కలను గైడు పుస్తకం అనడం ఎలా అని అడగవచ్చు. మొదటిది నిజమే. శ్రీశైలం వైపు నుంచి హైదరాబాదు చేరినవాడికి పల్నాడు దారిలో తగలదు. కానీ నేను ఆయన దగ్గర తీసుకుంటున్నది పద్ధతిని, దారిని కాదు. రెండోదానికి ఆ పుస్తకం అచ్చయిన తీరే జవాబు. వీరాస్వామయ్య 1836లో పోయాడు. ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లై ఆ రాతలన్నీ కూర్చి 1838లో అచ్చు వేయించాడు. సొంత ఖర్చుల లెక్క అయితే రాసిన మనిషితోనే ఆగిపోయేది. శతాబ్దం గడిచాక, 1941లో, బెజవాడ న్యాయవాది దిగవల్లి వేంకట శివరావు దానికి పీఠిక, వివరణలు చేర్చి మళ్లీ ప్రచురించారు. ఒక యాత్రా గ్రంథాన్ని ముందేసుకుని, ఈ ఊరేది, ఈ దొర ఎవరు, ఆనాటి పరిపాలన ఎలాంటిది అని పుట పుటకీ విచారించడం కన్నా గైడు పుస్తకానికి గుర్తులు పెట్టడం అంటే వేరే ఏముంది? ఆ వివరణలు లేకుండా కాశీయాత్ర చరిత్రను చదవడం ఇవాళ చాలామందికి కష్టం. మజిలీ అనే చట్రం మన చదువరుల మనసులో ఎంత నాటుకుందంటే, మధిర సుబ్బన్న దీక్షితులు కట్టుకథల మహాగ్రంథాన్ని కూడా కాశీ మజిలీ కథలుగానే సర్దారు. ఆగిన చోటల్లా ఒక కథ.

ఐరోపా గైడు పుస్తకాల చరిత్ర చూసినా గుర్తుల సంగతి ముందుకొస్తుంది. మరియానా స్టార్క్ అనే ఇంగ్లీషు రచయిత్రి చిత్రాలకు, కట్టడాలకు ఆశ్చర్యార్థకాలు వేసి వాటి యోగ్యత చెప్పింది. బేడెకర్ సంస్థ చుక్కలు పెట్టింది. 1836 నుంచి దర్శినులు వేసిన లండన్ ప్రచురణకర్త జాన్ మర్రీ మాత్రం ఊళ్లను అక్షరక్రమంలో పెట్టకుండా అంకెలు వేసిన దారులుగా విడదీశాడు, తప్పులు కనిపిస్తే రాసి పంపమని చదువరులను కోరాడు. అంటే యాత్రికుడు అంచున పెన్సిలుతో రాసుకున్న మాట తర్వాతి కూర్పులో అచ్చుమాటగా మారే వీలుండేది. 1859లో ఈస్ట్‌విక్ రాసిన మద్రాసు, బొంబాయి భాగాలతో మర్రీ దర్శినులు మన దేశానికీ వచ్చాయి. అంతకు మూడు దశాబ్దాల ముందే, సర్వేయరు కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరుల్లో ఒకరైన వెంకట రామస్వామి, దక్కను నగరాలను, స్థలాలను వర్ణిస్తూ 1828లో కలకత్తాలో ఒక ఇంగ్లీషు పుస్తకం వేశాడు. తెలుగువాడు స్థలాల పుస్తకం అచ్చు వేయడానికి దొరల దర్శినుల కోసం కాచుకుని కూర్చోలేదని చెప్పడానికి ఈ తేదీ ఒక్కటి చాలు.

అచ్చు పుస్తకాలు పల్నాడు విషయంలో ఎక్కడ తడబడ్డాయో చూస్తే, సర్దుకోవలసిన భారం చదివేవాడి మీద ఎందుకు పడిందో తెలుస్తుంది. రాబర్ట్ స్యూయల్ 1882లో ప్రకటించిన ప్రాచీన అవశేషాల జాబితా జిల్లాల వారీగా, తాలూకాల వారీగా ఉంటుంది. గోర్డన్ మెకంజీ మాన్యువల్ 1883లో వచ్చింది, అది కృష్ణా జిల్లాది. అప్పటికి పల్నాడు కృష్ణా జిల్లాలో ఒక తాలూకా. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాక పల్నాడు అటు చేరింది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా తనే జిల్లా అయింది. దాచేపల్లి ఉన్నచోటే ఉంది, పుస్తకాల్లో దాని చిరునామా మాత్రం రెండు సార్లు మారింది. కృష్ణ దాటితే ఇంకో చిక్కు. స్యూయల్ జాబితా మద్రాసు రాజధానికి పరిమితం, వాడపల్లి నిజాం సీమలోది. పొందుగల రేవులో నిలబడితే ఎదుట కనిపించే సంగమం ఆ పుస్తకం పరిధి అవతల ఉండిపోయింది. ఇప్పుడు కూడా ఒక ఒడ్డు ఆంధ్రప్రదేశ్ పుస్తకంలో, మరో ఒడ్డు తెలంగాణ పుస్తకంలో. ఒకే పూటలో రెండు ఒడ్లూ చూసే యాత్రికుడు రెండు పుస్తకాల్లోంచి రెండు పుటలు తీసి పక్కపక్కన పెట్టుకోక తప్పదు. పరిపాలన కోసం గీసిన సరిహద్దును ప్రయాణం కోసం దాటడం చదివేవాడి హక్కు.

అన్నిటికన్నా పెద్ద పాఠం నాగార్జునకొండది. అది పాత పల్నాడు తాలూకాలోనే ఉన్న లోయ. 1926 దాకా అచ్చయిన ఏ దర్శినీ అక్కడి ఇక్ష్వాకుల విజయపురిని చూపలేకపోయింది. ఆ ఏడు సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు అక్కడి శిథిలాలను గుర్తించి ప్రభుత్వానికి తెలిపాడు. శాసనశాఖ నుంచి సరస్వతి అనే ఉద్యోగి వచ్చి చూశారు. 1927 నుంచి 1931 దాకా పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. పుస్తకం చూపని చోటును దగ్గరివాడి కన్ను పట్టుకుంది. తర్వాత 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు పునాదిరాయి వేశారు. 1954–60 మధ్య అదే శాఖకు చెందిన సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయంతా మరోసారి తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి, అనుపుకి తరలించారు. ఆపైన లోయ మునిగింది, కొండ దీవి అయింది. 1940లలో కొన్న దర్శినిలో నేల దారి ఉంటుంది, 1970లలో కొన్నదానిలో లాంచీ ఉంటుంది. పాత పుస్తకంలో నేల దారి కొట్టేసి, పక్కన లాంచీ వేళ రాసుకున్న మనిషి ఎవరైనా ఉంటే, ఆ రెండు ముక్కలూ ఒక లోయ మునిగిన చరిత్రకు సాక్ష్యం. శుభ్రంగా దాచిన ప్రతి ఆ మాట చెప్పలేదు.

పుస్తకం సరస్వతి కదా, కాలు తగిలితేనే కళ్లకద్దుకుంటాం, గీతలు గీయడమా, పుటలు విప్పడమా అనే అభ్యంతరం తేలిగ్గా తోసేయదగినది కాదు. ఆ గౌరవం వల్లనే ఎన్నో గ్రంథాలు మనదాకా వచ్చాయి. కానీ అదే గౌరవం ఉన్న పెద్దలే కావ్యాల పక్కన టీకలు రాశారు, కష్టమైన మాట కింద అర్థం చేర్చారు. తాటాకు ప్రతి విడి ఆకుల కట్ట. చిల్లులోంచి తాడు లాగి, కావలసిన ఆకు తీసి చదివి, మళ్లీ అంకె చూసి వరుసలో గుచ్చేవారు. పుటలు విడదీయడం ఆ లోకానికి వింత కాదు, వరుస తప్పడమే దోషం. అందుచేత నేను గీసే హద్దు ఇది: అరుదైన పాత ప్రతి మీద కలం పెట్టకూడదు, గ్రంథాలయం పుస్తకం మీద అసలే కూడదు. మార్కెట్లో దొరికే, నాలుగేళ్లలో పాతబడే దర్శిని మీద మాత్రం పెన్సిలు పెట్టాలి. దాచేపల్లి అన్న పేరు పుటలో లేకపోతే కారంపూడికీ వాడపల్లికీ నడుమ అంచున రాయాలి. అక్కడినుంచి ఏ వైపు బస్సు ఎప్పుడో, గుడి తలుపులు ఏ వేళ మూస్తారో, ఎండాకాలం నాగులేట్లో నీళ్లుంటాయో లేదో చేర్చాలి. ఫోనులో పటం ఉండగా ఇదెందుకంటే, పటం ఈ నిమిషపు దారిని చక్కగా చూపుతుంది, నిన్నటి దారిని తుడిచేస్తుంది. గీతలు పడిన పుస్తకంలో రెండూ ఉంటాయి.

ఇలా నిండిన దర్శినులకు చివరికి ఏ గతి పడుతోందో ఆలోచించాలి. ఇల్లు ఖాళీ చేసినప్పుడు అవి తూకానికి పోతాయి. పాతబడ్డాయని ఒక కారణం, రాతలున్నాయని ఇంకో కారణం. వేటపాలెం సారస్వత నికేతనం వంటి 1918 నాటి గ్రంథాలయాలు పాత పత్రికల సంచికలను దాచినందువల్లే మన సాంఘిక చరిత్ర రాయడం కొంతైనా సాధ్యమవుతోంది. అవే గ్రంథాలయాలు యాత్రికులు రాసుకున్న దర్శినులను కూడా అడిగి తీసుకోవాలి. రాతలున్న ప్రతిని విడిగా గుర్తించి, ఏ ఏట ఏ దారిన వాడారో జాబితాలో నమోదు చేయాలి. కృష్ణ మీద వంతెనలు రాకముందు రేవులెలా దాటారో, సాగర్ నీళ్లు రాకముందు మాచర్ల నుంచి లోయకు ఎటు నడిచారో ప్రభుత్వ నివేదికలు కొంతే చెబుతాయి. మిగతాది ఏ ఇంటి అటకమీద ఏ పుట అంచున ఉందో వెతికి తీసుకురావలసిన పని అలాగే ఉండిపోయింది.